లింగవ్వకు లేని అక్క

“నెల నెలా నిజామాబాదుల నీకేం కొలువున్నది లింగవ్వా? కలెక్టరు పిలుస్తున్నడా?” కోత ముఠా మేస్త్రి ఆత్మారాం మాటకు చెరకు తోటంతా నవ్వింది. లింగవ్వ కత్తి ఆగలేదు. “మా అక్క మంచాన పడ్డది. సూడొద్దా అన్నా?” అంది. ఆమెకు అక్కే లేదని గట్టు మీద నిలబడ్డ దాసుకు తెలుసు. తేదీ దాటినా నిజామాబాదు ఆసుపత్రికి మందులకు రాని హెచ్‌ఐవీ రోగులను వెతికి పట్టుకోవడం అతని పని. ముఠా ఊరు మారినప్పుడల్లా ఆమె కోసం బోధన్ చుట్టూ తోటలన్నీ గాలిస్తాడు. ఆమె మందు సీసా మీది కాగితం గీకేసి, గోలీలు గలగలమనకుండా దూది కుక్కి, జొన్నపిండి సంచిలో దాస్తుంది. పొద్దునా రాత్రీ ఫ్యాక్టరీ కూత వినగానే నీళ్లకని లేచి, దగ్గినట్టు కొంగు అడ్డం పెట్టుకుని మింగేస్తుంది. సంగతి బయటపడితే ముఠా ఆమెను ఒక్క పూట కూడా ఉండనివ్వదు.

“ఎవడివిరా నువ్వు?” అని ఆత్మారాం గద్దించేసరికి, “ఆమె అక్క కొడుకును” అన్నాడు దాసు. “మీ అమ్మకెట్లున్నది?” అని అడిగితే, భయంలో నోటికొచ్చింది అనేశాడు: “నయమైంది.” “ఇంకేంది మరి? కోతలయ్యేదాక పోవుడు బంద్” అంటూ ఆత్మారాం బండి వైపు నడిచాడు. లింగవ్వ చేతిలో చెరకుగడ అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి నీళ్ల కుండ దగ్గరికొచ్చి, అతని ముఖం చూడకుండా, గొంతు తగ్గించి అంది: “మిగులు గోలీలు మూడు రోజులకే ఉన్నయి కొడుకా. ఎల్లుండి మల్ల రా. ఏడ్సుకుంట రా. మా అక్క సావబోతున్నదని అందరు ఇనేటట్టు చెప్పు. నయమైందని మాత్రం ఇంకెన్నడు అనకు.”