మార్గరెట్‌ను బాగుచేయొద్దన్నారు

1996 వానాకాలం. అప్పట్లో నా దుకాణం కార్ఖానా మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఉండేది. బోర్డు మీద రేడియో, టీవీ, టేప్ రికార్డర్ రిపేరు అని రాసి ఉన్నా వచ్చేవి ఎక్కువగా టీవీలే. పాత వాల్వు రేడియోలు తెచ్చేవాళ్ళు కొందరు మాత్రం ఇంకా ఉండేవారు. వాళ్ళలో సగం మంది మిలిటరీ నుంచి రిటైరైనవాళ్ళు. ఆ రేడియోల లోపలి పనితో పాటు చెక్క పెట్టెల పని కూడా నేనే చేసేవాణ్ణి. పగిలిన పలక అతకడం, గీతలు పూడ్చడం, పాలిష్ పెట్టడం. రెండు పనులూ ఒకే చోట అవుతాయని నాకు కొంచెం పేరుండేది. ఆ పేరు వినే సైనిక్‌పురి నుంచి రిటైర్డ్ సుబేదారు దేవసహాయం గారు ఆటోలో ఒక పడవను తీసుకొచ్చారు.

అది మోడల్ బోటు. మూరన్నర పొడవుంటుంది. సన్నటి టేకు బద్దలు ఒకదాని పక్కన ఒకటి వంచి అతికించిన అడుగు భాగం. దాన్ని హల్ అంటారు. వెనక ఇత్తడి ప్రొపెల్లర్, దాని వెనక చుక్కాని. అన్నిటికంటే వెనక ఇత్తడి రేకు కోసి చేసిన ఇంగ్లీషు అక్షరాల్లో ‘మార్గరెట్’ అని పేరు. పడవతో పాటు దాన్ని దూరం నుంచి నడిపే ఒక రేకు డబ్బా, దానికి పొడవాటి ఏరియల్. బద్దల మధ్య సందులు పడ్డాయి. లోపల వైర్లు పచ్చగా చిలుం పట్టాయి.

“ఇది ఎవరు చేసిన్రు సాబ్?” అని అడిగాను.

“నేనే. పెళ్ళికి ముందు, సర్వీసులో ఉండగా” అన్నారాయన. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని బల్ల మీద పెట్టుకున్నారు. కొన్ని నెలల కిందట పక్షవాతం వచ్చిందట. నడక కుదుటపడింది కానీ కుడిచేతి వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి. “డాక్టరు రబ్బరు బంతి పిసకమన్నాడు యూసుఫ్. నేను బంతి పిసికే మనిషినా? ఇది బాగుచెయ్యి. దీంతో చేతికి పని చెప్తాను.”

అంతవరకూ ఆచితూచి మాట్లాడిన మనిషి, డబ్బా మూత తీయగానే మారిపోయారు. ఏ ముక్క ఎక్కడ సంపాదించారో, ఏ బద్ద ఎలా వంచారో చెబుతూ కూర్చున్నారు. ఇప్పటి రిమోట్ బొమ్మల్లో చుక్కాని ఎంత తిప్పితే అంత తిరుగుతుంది. ఆ కాలం సెట్టులో ఉండేది ఒకటే బటన్. ఒకసారి నొక్కి పట్టుకుంటే పడవ కుడికి తిరుగుతుంది. నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి పట్టుకుంటే ఎడమకు. వదిలేస్తే నేరుగా పోతుంది. పడవలో మెలిపెట్టిన రబ్బరు తిప్పే చిన్న పళ్ళ చక్రం ఒకటుంటుంది. బటన్ నొక్కినప్పుడల్లా అది ఒక్కో పన్ను జరుగుతుంది. ఆ ఏర్పాటును ఎస్కేప్‌మెంట్ అంటారు. మోటారు ఆపడానికి బటనే లేదు. ఒడ్డున స్విచ్ వేసి వదిలితే బ్యాటరీ ఉన్నంతసేపు పోతూనే ఉంటుంది. తిరిగి ఒడ్డుకు తెచ్చుకోవడమే నడిపేవాడి నేర్పు.

మర్నాడు పొద్దున్నే ఒకావిడ వచ్చారు. తెల్ల చీర, చేతిలో గొడుగు.

“నిన్న పడవ ఇచ్చి వెళ్ళారే సుబేదారు గారు, ఆయన భార్యనండి. కరుణమ్మ అంటారు.”

“కూర్చోండమ్మా.”

“కూర్చోవడానికి రాలేదు బాబూ. అది బాగవదని ఆయనతో చెప్పేయండి.”

“ఎందుకమ్మా? మంచిగైతది గద.”

“అవుతుందనే కదా వచ్చాను” అన్నారావిడ.

నాకేమీ అర్థం కాలేదు. ఆవిడ గొడుగు మూసి, పడవ వెనక ఉన్న అక్షరాల వైపు చూపించారు. “పెళ్ళైన కొత్తలో అడిగాను, ఎవరండీ ఈ మార్గరెట్ అని. పడవ పేరు అన్నారు. మళ్ళీ అడిగితే నాకే చిన్నతనమని ఊరుకున్నాను. ఎక్కడికి బదిలీ అయినా బీరువా మీద ఇదుండాల్సిందే. ఏటా క్రిస్మస్‌కి ఇల్లు సర్దేటప్పుడు ఆ అక్షరాలకి చింతపండు పెట్టి తోమేది నేను. తోముతున్నంతసేపూ ఒళ్ళు మండిపోయేదనుకోండి.”

ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగారు. “నిన్న మీ దగ్గర ఎంతసేపు కూర్చున్నారు?”

“గంటసేపు ఉండొచ్చమ్మా.”

“గంటసేపు మాట్లాడారా?”

“మాట్లాడిన్రు.”

ఆవిడ ముఖం ఎర్రబడింది. “ఒంట్లో బాగుండకపోయిన కాడి నుంచి నాతో నాలుగు మాటలు మాట్లాడింది లేదు. అన్నం పెట్టనా అంటే ఊఁ. వద్దా అన్నా ఊఁ. దీని గురించి మాత్రం గంట!”

అబద్ధం చెప్పడం నా వల్ల కాదన్నాను. కానీ వానాకాలం, చెక్క తడి ఆరాలి, పాత సామాను దొరకాలి, కాబట్టి ఆలస్యం మాత్రం తప్పదని చెప్పాను. ఆ మాటతో కొంచెం శాంతించి వెళ్ళారు. కానీ వారం తిరక్కుండా మళ్ళీ వచ్చారు, పని ఎక్కడిదక్కడే ఉందో లేదో చూసుకోవడానికి.

పని నిజంగానే మెల్లగా సాగింది. పాత రంగు మొత్తం గీకి, బద్దల సందుల్లో సన్నటి టేకు చీలికలు దించి, ఎపాక్సీ జిగురుతో పూడ్చాను. ఆరాక గరుకు కాగితంతో నునుపు చేసి, వార్నిష్ వేసి, ఇంటి వెనక సిమెంటు తొట్టిలో రాత్రంతా తేలనిచ్చాను. ఒక్క చుక్క నీరు లోపలికి రాలేదు. ఆ తర్వాత రిసీవర్ విప్పాను. ఎక్కడో గాల్లోంచి వచ్చే సిగ్నల్‌ను పట్టుకుని చుక్కానికి అందించే భాగం అది.

విప్పి చూశాక నాకూ కుళ్ళు పుట్టింది. సుబేదారు గారి టంకం పనిలో ప్రతి బొట్టూ ఒకే సైజు, ఒకే మెరుపు. వైర్లన్నీ గళ్ళ కాగితం మీద గీసినట్టు మూలలు తిరిగాయి. అన్నేళ్ళుగా ఈ పనే తిండి పెడుతున్న నాకు అలాంటి చేయి లేదు. తుప్పు పట్టిన ఒక జాయింటు తీసి కొత్తది వేశాను. పక్కనున్న ఆయన జాయింటుతో పోల్చి చూసుకుని, నాది తీసేసి మళ్ళీ వేశాను. ఆ రిసీవర్‌తో పోటీ పడుతూ నా దగ్గరున్న టీవీలను పక్కన పెట్టేశాను. వాటి సొంతదారులు వచ్చి కోప్పడి పోయారు.

చివరికి ఆగింది రబ్బరు దగ్గర. ఎస్కేప్‌మెంట్‌లోని పాత రబ్బరు ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. సైకిల్ ట్యూబు కోసి పెడితే మరీ బిర్రుగా ఉంది. ఆ పూట కరుణమ్మ గారు స్టూలు మీద కూర్చుని చూస్తున్నారు. అప్పటికి కూర్చోవడం అలవాటైంది.

“దానికి సన్న రబ్బరు కావాలా? లంగా ఎలాస్టిక్ పై దారం విప్పితే లోపల సన్న రబ్బరు దారాలే ఉంటాయి కదా” అన్నారు. అన్నాక, ఎందుకన్నానా అన్నట్టు నాలుక కరుచుకున్నారు.

సందు చివరి దుకాణంలో ఎలాస్టిక్ కొనుక్కొచ్చి విప్పాను. సరిగ్గా సరిపోయింది. మెలిపెట్టి, డబ్బా ఆవిడ ముందు పెట్టాను. “నొక్కండమ్మా.”

“నేనా? దీన్నా?”

“ఒక్కసారి.”

నొక్కారు. చుక్కాని టక్కున కుడికి తిరిగింది. నొక్కి, వదిలి, నొక్కారు. ఎడమకు తిరిగింది. ఈ బటన్ తాళం తప్పకుండా నొక్కడానికి నాకే ఆ తర్వాత చాలా రోజులు పట్టింది. ఆవిడకు మొదటి రోజే పట్టుబడింది. చర్చిలో ఎన్నో ఏళ్ళుగా హార్మోనియం వాయిస్తారని తర్వాత చెప్పారు.

“ఇంతేనా ఈ మార్గరెట్?” అన్నారు పెదవి విరిచి. కానీ డబ్బా కింద పెట్టలేదు. ఆ తర్వాత నుంచి ఆవిడ పని ఆగిందా లేదా అని అడగడం మానేశారు. వచ్చి కూర్చుని, రబ్బరు మెలిపెట్టి, చుక్కానితో ఆడుకుని వెళ్ళేవారు.

వానలు తగ్గాక ఒక శనివారం సాయంత్రం ముగ్గురం కాప్రా చెరువుకు వెళ్ళాం. సుబేదారు గారు భార్యను రమ్మనలేదు. ఆవిడే ఆటో ఎక్కి కూర్చున్నారట. నేను స్విచ్ వేసి పడవను నీళ్ళలో వదిలాను. చాలా ఏళ్ళ తర్వాత చెరువు నీళ్ళు తగిలిన ఆ పడవ, ముక్కు కొంచెం ఎత్తి, నీళ్ళను రెండుగా చీల్చుకుంటూ పోయింది. సుబేదారు గారి కళ్ళు మెరిశాయి. మొదటి మలుపు బాగానే తిప్పారు.

రెండో మలుపు దగ్గర బొటనవేలు వణికింది. ఒకసారి నొక్కాల్సింది రెండుసార్లు పడింది. కుడికి రావాల్సిన పడవ ఎడమకు తిరిగి గుర్రపుడెక్క తుప్ప వైపు పరుగెత్తింది. అందులో చిక్కితే ప్రొపెల్లరుకు తీగలు చుట్టుకుని మోటారు కాలిపోతుంది. అక్కడికి ఈది వెళ్ళి తెచ్చే దారీ లేదు.

“వదిలెయ్యిన్రి సాబ్! వేలు తియ్యిన్రి!” అని అరిచాను. తీస్తే నేరుగా తుప్పలోకే పోతుందన్న భయంతో ఆయన ఇంకా గట్టిగా నొక్కుతున్నారు.

“ఇటివ్వండి” అన్నారు కరుణమ్మ గారు. ఆయన ఇవ్వలేదు. ఆవిడే ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి డబ్బా తీసుకున్నారు.

పెదాలు కదుపుతూ తాళం లెక్కపెట్టుకున్నారు. పడవ తుప్ప అంచున ఆగినట్టే ఆగి, కుడికి ఒరిగి, పెద్ద వంపు తిరిగింది. మరో రెండు నొక్కులకు నేరుగా మా వైపు వచ్చి, ఆవిడ కాళ్ళ ముందు బురదలో ముక్కు ఆనించింది. ఆవిడ చిన్నపిల్లలా నవ్వారు.

సుబేదారు గారు నవ్వలేదు. “నీకెవరు నేర్పారు?”

“యూసుఫ్ గారి కొట్లో నేర్చుకున్నాను.”

ఆయన నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఇంట్లో వస్తువు ఎత్తుకుపోయినవాణ్ణి చూసినట్టు చూశారు. తర్వాత నీళ్ళ వైపు తిరిగి, “మార్గరెట్ కూడా దీన్ని ఏనాడూ ముట్టుకోలేదు” అన్నారు.

“ఎవరండీ ఆమె?” అన్నారు కరుణమ్మ గారు. అన్నేళ్ళుగా మింగిన ప్రశ్న మామూలుగా బయటికొచ్చింది.

ఆయన దాచలేదు. లాలాగూడలో ఒక రైల్వే డ్రైవరు గారి అమ్మాయి. ఆంగ్లో ఇండియన్లు. ఈయన ఆమెను ఇష్టపడ్డారు. ఆమెకు చూపించడానికే ఈ పడవ చేశారు. ఆమె ఒకసారి చూసి, బాగుంది అంది. ఇది నీళ్ళలో దిగేలోపే ఆ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది.

“అంతేనా?”

“అంతే.”

“ఈ మాత్రం దానికా నేనిన్నాళ్ళు చింతపండు తగలేసింది!”

“పేరు తీయించేస్తానులే కరుణా.”

“ముట్టుకోకండి. ఆ అక్షరాలు తోమింది నేను. ఇవాళ దీన్ని ఒడ్డుకు తెచ్చిందీ నేనే. అవి ఉండనివ్వండి” అన్నారావిడ.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత సుబేదారు గారు ఒంటరిగా దుకాణానికి వచ్చారు. వచ్చీరాగానే తలుపు దగ్గరకు వేశారు.

“యూసుఫ్, కొత్త సెట్టు ఒకటి చెయ్యి. పడవ నా బటన్‌కే వినాలి. ఆ పాత డబ్బాకి వినకూడదు.”

“అమ్మకు ఎరికేనా సాబ్?”

“దానికి ఎందుకు?” అన్నారు. తర్వాత తల వంచుకున్నారు. “నిన్నంతా హాల్లో నేల మీద పెట్టుకుని చుక్కాని తిప్పుతూనే ఉంది. నా చెయ్యి బాగున్న రోజుల్లో కూడా నేనంత గుండ్రంగా తిప్పలేదయ్యా. చూస్తుంటే తట్టుకోలేకపోతున్నాను. చేసింది నేను కదా.”

చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పేశాను. “అమ్మ సుత గిట్లనే వచ్చింది సాబ్. మీరు పడవ ఇచ్చిన మర్నాడే. దీన్ని మంచిగ చెయ్యకు అన్నది.”

“ఏందీ?”

“మీరు నాతోని గంట మాట్లాడిన్రని. ఇంట్ల తనతోని మాట్లాడ్తలేరని.”

ఆయన బల్ల మీద ఉన్న స్క్రూడ్రైవర్‌ను అటూ ఇటూ దొర్లించారు. చివరికి లేచి, “కొత్త సెట్టు వద్దులే” అన్నారు. తలుపు తీశాక వెనక్కి తిరిగారు. “ఆ డబ్బాకే కుడిపక్క ఇంకో బటన్ పెట్టగలవా? పెద్దది. కొంచెం గట్టి స్ప్రింగుతో. వేలు వణికినంత మాత్రాన నొక్కుకోకూడదు. ఆమె బటన్ ఆమెకు అలాగే ఉంచు.”

పెట్టాను. అలా ఒక డబ్బాకు రెండు బటన్లయ్యాయి. ఇద్దరూ ఒకేసారి నొక్కితే పడవ ఎటూ కాకుండా పోతుంది కాబట్టి వంతులు వేసుకోక తప్పదు. ఆ చలికాలంలో ఒకరోజు చెరువు పక్కగా పోతూ ఆగి చూశాను. “నీ వంతు అయింది, ఇటివ్వు” అని ఆయన, “ఇంకా ఒడ్డుకు రాలేదు, ఆగండి” అని ఆవిడ. నన్ను చూసి సుబేదారు గారు పక్కకు పిలిచారు. “ఇప్పటికీ కళ్ళు కుడుతూనే ఉన్నాయి యూసుఫ్. పొద్దున లేచి ఆమె చూడకుండా ప్రాక్టీసు చేస్తున్నాను” అన్నారు. ఆయన కుడి బొటనవేలు మునుపటి కంటే నిలకడగా ఉంది. బంతి చేయని పని ఆ పంతం చేసింది.

పాత వస్తువు బాగుచేయడం అంటే దాని తుప్పు తీసి, తెగిన చోట అతికి, మళ్ళీ నడిపించడం అనుకునేవాణ్ణి. దాన్ని ప్రేమించి తెచ్చిన మనిషి ఒకరే కనిపిస్తారు నాకు. దాని పక్కన బతికి, దాని వల్ల నొచ్చుకున్న మనిషి ఇంట్లో ఉండిపోతారు. ఆ సంగతి నాకు కరుణమ్మ గారు గొడుగు పట్టుకుని వచ్చేదాకా తెలియదు. అప్పటి నుంచి ఎవరైనా పాత గ్రామఫోనో, తాతల నాటి రేడియోనో తెస్తే, ముందు ఒక మాట అడుగుతాను. “ఇది మంచిగైతే ఇంట్ల అందరికీ ఖుషీయేనా?” అని. చాలామంది నవ్వి, ఇదేం ప్రశ్న అంటారు. కొందరు మాత్రం జవాబు చెప్పకుండా ఆగిపోతారు. వాళ్ళ వస్తువు విప్పేముందు, ఇంట్లో వాళ్ళను కూడా ఒకసారి దుకాణానికి తీసుకురమ్మంటాను.