యాభై రూపాయల తలుపు

నంద్యాలలో యాభై రూపాయలకు తలుపు కొన్న మనిషిని నేనొక్కదాన్నే అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను. గడప, గడియ, రెక్కలు అన్నీ ఉన్న తలుపు. కాకపోతే స్టిక్కరు.

ఆళ్లగడ్డలో మా ఇల్లు, కిరాణా అంగడి ఒకే కప్పు కింద ఉంటాయి. ముందు అంగడి, దాని వెనక గోదాము, గోదామును ఆనుకుని ఇల్లు. నాయన పోయాక అంగడి నా చేతికి వచ్చింది. అంగడితో పాటు నాయన అక్క కూడా వచ్చింది. అత్తకు ఎనభై దగ్గర పడుతున్నా చూపు, వినికిడి, నోటిలెక్క మూడూ నాకంటే మేలు. ఆమెకు మతి తప్పిందని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల పొరపాటు.

మా బాత్రూము గోడలకు వక్కరంగు టైల్స్, ఒక్కో టైలు మీద వాడిపోయిన ఒక గులాబీ. వాటిని కొట్టేసి కొత్తవి వేయడానికి మేస్త్రీ ముప్పై ఎనిమిది వేలు చెప్పాడు. మొదట చెప్పిన ధరకు నేను తలూపితే నాయన ఫోటోలోంచి దిగివచ్చి తిడతాడు. టైల్స్ పీకకుండా వాటి మీదే వేసే రంగు ఉందని విని నంద్యాల బస్సెక్కాను.

రంగుల అంగడిలో నా బేరం ముగిసేసరికి అంగడాయన మొహం వాడిపోయింది. అప్పుడు మూలన దుమ్ము పట్టిన ప్లాస్టిక్ షీటు చుట్ట ఒకటి కనబడింది.

"ఏందన్నా అది?"

"తలుపు బొమ్మక్కా. గోడకు అతికిస్తే అచ్చం తలుపు మాదిరే ఉంటాది. నూటయాభై."

"ఎవరూ కొనలేదే?"

"కొంటాండారు, మళ్లా తెచ్చి ఇచ్చేస్తాండారు. ఇంట్లో ఆడోళ్లు వద్దంటారంట."

"వద్దన్న సరుక్కి ధర యాడుంటాదన్నా? యాభై ఇస్తా."

"తీస్కపో తల్లీ. నీ నోటికో దండం."

టైల్స్‌ను సబ్బుపొడితో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు పూసి, పైన తెల్లరంగు రెండుసార్లు వేశాను. మూడు గోడలు పాలలా వచ్చాయి. రంగు ఒక డబ్బా తక్కువ కొన్నాను కాబట్టి గోదాము వైపు గోడకు చాలలేదు. అక్కడ స్టిక్కరు అతికించాను. పాతకాలపు టేకు తలుపు. చెయ్యి దూరేంత తెరిచి ఉంది. సందులో చీకటి.

మొదటి రోజు స్నానం చేసి వచ్చిన అత్త, జుట్టు తుడుచుకోకుండానే అడిగింది.

"దాన్ని ఎవరు తెరిచినారు?"

"అది బొమ్మ అత్తా. యాభై రూపాయలే."

"బొమ్మని నాకూ కనపడతాంది. ఎవరు తెరిచినారని అడుగుతాండా."

నేను నవ్వాను. అత్త నవ్వలేదు.

ఆ తర్వాత రోజూ ఒకటే వరస. లోపల నీళ్ల చప్పుడు మధ్యలో ఆగిపోయేది. చాలాసేపటికి అత్త వచ్చేది. ఆమె తర్వాత నేను వెళ్తే, బకెట్టు దారికి అడ్డం లేకుండా పక్కకు జరిపి ఉండేది. బొమ్మ గడప దగ్గర నిండు చెంబు ఉండేది. వేడినీళ్ల ఆవిరికి స్టిక్కరు కిందికి గాలి చేరి, అతుకుల దగ్గర ఉబ్బింది. దాంతో ఆ సందు నిన్నటికన్నా వెడల్పుగా కనిపించేది. అది గాలేనని నాకు తెలుసు. తెలిసి కూడా, ఆ గోడకు వీపు పెట్టి స్నానం చేయడం మానేశాను.

అప్పుడే ఇంకొకటి గుర్తొచ్చింది. మా గోదాములో అంగుళం జాగా వృథా కాదు. కానీ ఆ గోడకు మాత్రం నాయన ఒక్క బస్తా ఆననిచ్చేవాడు కాదు. చెమ్మ అనేవాడు. మా తాతా అలాగే అనేవాడట. నేనూ అదే మాట అంటూ ఆ జాగా ఖాళీగానే ఉంచాను. ఆ గోడకు చెమ్మ రావడం నేనెప్పుడూ చూడలేదు.

అత్తకు దగ్గు పట్టుకుంది. ఒక పొద్దున ఎంతకీ రాకపోతే బాత్రూము తలుపు తోసుకుని వెళ్లాను. తడిబట్టలతో వణుకుతూ, సబ్బునీళ్ల మీద నిలబడి, రెండు అరచేతులతో బొమ్మను నెడుతోంది. కాలు ఇంకొంచెం జారితే అంతే. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని, ఇంకోసారి ఇలా తడిస్తే కష్టమని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చాక మంచం మీద కూర్చోబెట్టి అడిగాను.

"ఆడ తలుపు ఉండె పాపా," అంది అత్త. "నా చెల్లెలికి అమ్మోరు పోస్తే ఆ గదిలో పండబెట్టినారు. మీ నాయన అప్పటికి పుట్టలేదు. పొద్దున్నే చెంబు నీళ్లు గడప కాడ పెట్టి, తలుపు కొట్టి నేను ఉరికేదాన్ని. అది తీసుకునేది. ఒగ దినం అదే లోపల్నుంచి కొట్టె. నన్ను పిలిచె. తెరవగూడదని మీ తాత చెప్పినాడు. నేను పోలేదు."

"తర్వాత?"

"గోడ కట్టినారు."

"ఇప్పుడేమైనా వినపడతాందా అత్తా?" అడక్కుండా ఉండాల్సింది.

అత్త నా వంక చూసింది. "ఒగసారి పోయి రావల్ల. చానా దినాలు నిలబెట్టినా దాన్ని."

"గోదాములోంచి పోదాం పా. ఆ పక్క అదే గది. రూపాయి ఖర్చు లేదు."

"నేను నీళ్లు పెట్టింది ఈ పక్కనుంచి. నాతోనే బేరమా?"

మేస్త్రీని పిలిపించాను.

"బాత్రూములోంచి గోదాములోకి దారేందక్కా? నవ్వుతారు."

"నవ్వనీ. ఎంతయితాది?"

"మళ్లా మూసి, కొత్త టైల్స్ వేసేదానికి కూడా కలిపి ముప్పై వేలు."

"సరే."

వాడు భయపడ్డాడు. "ఒంట్లో బాగుండావా అక్కా?"

స్టిక్కరుతో పాటే రెండు టైల్స్ ఊడొచ్చాయి. వెనక ఇటుకలు వేరే రకం. అవి తీసేసరికి టేకు చట్రం బయటపడింది. కింద గడప మీద పసుపు రంగు ఇంకా పోలేదు. మేస్త్రీ చేతులు కడుక్కుని, ఎవరూ చెప్పకుండానే బయటికి వెళ్లి నిలబడ్డాడు.

అత్త పొడిచీర కట్టుకుని, శాలువా కప్పుకుని, చెంబు నింపుకుని గడప దాటింది. తోడు వస్తానంటే వద్దంది. నేను ఇవతలే ఉన్నాను. పసిపిల్లతో మాట్లాడినట్టు అత్త మెల్లగా మాట్లాడుతోంది. మధ్యలో ఆగుతోంది. జవాబు వినేంతసేపు ఆగి, మళ్లీ మాట్లాడుతోంది. నాకు అత్త గొంతు ఒక్కటే వినిపించింది. నేను రాయగలిగింది అంతవరకే.

తిరిగి వచ్చినప్పుడు చెంబు ఖాళీగా ఉంది. తర్వాత వెళ్లి చూస్తే గోదాము నేల మీద తడి లేదు. అత్తే తాగి ఉంటుంది.

"మూసెయ్యమను," అంది. "ఇంక ఆ పక్క ఎవరూ లేరు."

ఆ తర్వాత ఆమె స్నానం నాకంటే తొందరగా ముగుస్తోంది. దగ్గు తగ్గింది. గోదాములో ఆ గోడకు బస్తాలు ఆనించమని తనే చెప్పింది. నేను మాత్రం ఇంకా ఆనించలేదు.

ఇక లెక్క. రంగు, ప్రైమరు నాలుగు వేల రెండొందలు. స్టిక్కరు యాభై. బస్సు నూట ఇరవై. అత్త ఆస్పత్రి, మందులు ఐదు వేల ఆరొందలు. మేస్త్రీకి ముప్పై వేలు. మొత్తం ముప్పై తొమ్మిది వేల తొమ్మిదొందల డెబ్బై. మూడు గోడల మీద గులాబీలు రంగు కింద అలాగే ఉన్నాయి. మేస్త్రీ మొదట చెప్పిన ధర ఒప్పుకుని ఉంటే నాలుగు గోడలూ కొత్తవయ్యేవి, పైగా పంతొమ్మిది వందల డెబ్బై మిగిలేవి. ఆ ముప్పై వేలలో రూపాయి కూడా తగ్గించమని నేను అడగలేదు.