తొక్కు, పట్టు, వదులు

బ్రేకుల బాబాయి ఒకసారి కొండ దిగుతున్న జీపుని ఒంటి బొటనవేలితో ఆపాడు. సరే, కొండ దిగడం అన్నది కాస్త ఎక్కువైంది. జీపు షెడ్డులోనే ఉంది, ముందు చక్రాలు ఊడదీసి స్టాండ్ల మీద కూర్చోబెట్టారు. ఆపింది కూడా జీపుని కాదు, కంప్రెసర్ గాలికి, చక్రాన్ని పట్టి ఆపే కాలిపర్‌లోంచి తూటాలా ఎగిరొచ్చిన పిస్టన్‌ని. బొటనవేలు మటుకు నిజం. అది నల్లగా కమిలిపోయి గుమ్మడి పిందెలా ఉబ్బింది. ఎదురుగా చెక్కముక్క అడ్డం పెట్టి గాలి కొట్టాలని వీధి వీధికీ నేర్పిన మనిషి, ఆ రోజు చెక్క పెట్టడం మరిచిపోయాడు. మనసు అక్కడ లేదు మరి.

మనసు ఇంటావిడ దగ్గరుంది. ఆవిడని అందరూ జీపు పిన్ని అంటారు. కొండ మీది రాతి గనికి పనివాళ్ళని, భోజనం క్యారియర్లని ఫోర్ వీల్ జీపులో చేరవేస్తుంది. మొన్న దిగేటప్పుడు మలుపులో బ్రేకు తొక్కితే బండి ఎడమకి లాక్కుపోయి మట్టిగట్టుకి మూతి ఆనించింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ పిన్నికి పైప్రాణాలు పైనే పోయాయి. షెడ్డుకొచ్చి చెప్పుకుంటే బాబాయి ఏమన్నాడు? బళ్ళు బాగు చేయించుకోడానికి వచ్చినవాళ్ళంతా వింటుండగా, "బ్రేకు మీద కాలేసి కునుకు తీస్తే బండేం చేస్తుందమ్మా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. పిన్ని నవ్వలేదు. అప్పట్నుంచి మొగుడితో మాటల్లేవు. ఏదున్నా జీపుతోనే.

"జీపూ, ఇదే ఆఖరు. ఈసారి పెడల్ గట్టిగా నిలబడకపోతే నీ వైద్యం ఎదురు షెడ్డులో," అని బానెట్ మీద తట్టి మరీ చెప్పింది.

సొంత పెళ్ళాం బండి ఎదురు షెడ్డుకి పోతే వీధిలో ఇంకెవడు తన గడప తొక్కుతాడు? పోనీ, తొక్కకపోతే పోయారు. రోజూ ఆ కొండ దిగే మనిషికి తన చేతి మీద నమ్మకం పోవడం, అదీ బాబాయిని పురుగులా తొలిచేస్తోంది.

పైగా కుడి కాలిపర్ విప్పి చూశాడు. పిస్టన్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఎడమ చక్రం ఒక్కటే పట్టుకుంటే బండి ఎడమకి కాక ఎటు లాగుతుంది? తుప్పెందుకు పట్టిందంటే, పిస్టన్ మీది రబ్బరు తొడుగు మడత పడి, ఆ మడతలోంచి దారిలో దాటే వాగు నీళ్ళు లోపలికి దిగాయి. వానల ముందు ఆ రబ్బరు తొడిగింది ఎవరు? బాబాయే. ఇంకెవరు!

ఆ ఆలోచనలో ఉండగానే గాలి కొట్టాడు, వేలు పోగొట్టుకున్నంత పని చేశాడు. కుడి కాలిపర్ లోపలంతా గుంటలు పడి బాగుపడే రకం కాకపోవడంతో కొత్తది కొనుక్కొచ్చాడు. ఎడమది మాత్రం విప్పి, కడిగి, రబ్బరు సీలు కూర్చునే గాడిని పుల్లతో గీకి, కొత్త సీలు బ్రేక్ ఆయిల్లో ముంచి, పసిపిల్లాడికి చొక్కా తొడిగినట్టు తొడిగాడు. రెండూ ఎక్కించాడు.

ఇక పైపుల్లో చేరిన గాలి తీయాలి. అది ఇద్దరి పని. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు కాలిపర్ దగ్గర గాలి వదిలే నిపిల్ విప్పి బిగించాలి. షెడ్డులో పిన్ని తప్ప ఇంకో మనిషి లేడు. ఆవిడే ఎక్కి సీట్లో కూర్చుంది.

"తొక్కు," అన్నాడు బాబాయి.

పెడల్ కదల్లేదు.

"తొక్కండి."

కాలు కదిలింది.

"పట్టండి... ఆఁ, వదలండి."

డబ్బాడు ఆయిల్ అయిపోయినా పెడల్ గట్టిపడలేదు.

"జీపూ, నీకు బ్రేకు పెట్టారా, దూదిదిండు పెట్టారా?" అంది పిన్ని.

"స్పానరూ, ఆవిణ్ణి ఇంకొంచెం తొక్కమను," అన్నాడు బాబాయి, చెమటలు కక్కుతూ.

పిన్ని దిగొచ్చి కాలిపర్ పక్కన గొంతుక్కూర్చుంది. నిపిల్ నేల చూపులు చూస్తోంది.

"ఏవండీ, గాలి పైకి పోతుందా, కిందకి పోతుందా?"

మొన్నటి నుంచి మొగుడితో నేరుగా అన్న మొదటి మాట అదే. బాబాయి కాన్వెంటులో సిస్టరు బెత్తం ముందు నిలబడ్డ పిల్లాడిలా, "పైకి..." అని ఆగిపోయాడు. నిపిల్ పైనుండాలి. కుడి కాలిపర్ ఎడమకి, ఎడమది కుడికి బిగించాడు! స్పానర్ పట్టడం కొత్తగా నేర్చుకునేవాడు కూడా చేయని పని.

ఎదురు షెడ్డు వాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. పిన్ని లేచి వాళ్ళకి కనబడకుండా కాలిపర్‌కి అడ్డంగా నిలబడింది.

"చూస్తారేంటి, మార్చండి త్వరగా," అంది గొంతు తగ్గించి.

మార్చాడు. మళ్ళీ తొక్కు, పట్టు, వదులు. గాలి బుడబుడమంటూ పైకొచ్చేసింది. పెడల్ రాయిలా నిలబడింది.

"బాగుంది," అంది పిన్ని.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. బాబాయి తిన్నగా రోడ్డు మధ్యకెళ్ళి, "మొన్న బండి లాగింది మా ఆవిడ కాలి వల్ల కాదు! రబ్బరు మడత పెట్టి తొడిగింది నేను! వినపడిందా?" అని కేకేశాడు.

"వినపడింది గానీ లోపలికి రండి, లారీ వస్తోంది," అంది పిన్ని.

మర్నాడు జీపు కొండ దిగింది, గీత గీసినట్టు తిన్నగా. ఇప్పటికీ ఆ షెడ్డుకే వస్తోంది.

నమ్మకం లేకపోతే బాబాయినే అడగండి. "కుడిది ఎడమకా? నేనా? రోడ్డు మీద అరిచానా? ఎవడు చెప్పాడు మీకు? మా ఆవిడతో నాకు ఈ జన్మలో మాట పట్టింపు లేదు. పైగా ఆ వారమంతా నేను ఊళ్ళోనే లేను," అంటాడు.