మనుబోలులో దిగిపోయిన కోటు

చైనాతో యుద్ధం వచ్చిన ఏడు నేను సెలవు మీద ఇంటికి బయలుదేరాను. అప్పటికి పటాలంలో చేరి నాలుగేళ్లు. దక్షిణాన ఒక కొండ ఊరిలో మా డిపో ఉండేది. సెలవు అయ్యాక వేరే చోటికి బదిలీ అన్నారు కాబట్టి, సర్కారు ఇచ్చిన సామానంతా కిట్ సంచిలో కుక్కుకొని మద్రాసులో ప్యాసింజరు ఎక్కాను. జెర్సీ, బూట్లు, కంబళి, నీళ్ల సీసా, అన్నిటికీ పైన గ్రేట్‌కోటు. మోకాళ్లు దాటే మందపాటి ఉన్ని కోటు అది. మా ఊరు అల్లూరులో దాన్ని చూస్తేనే చెమట పడుతుంది.

గూడూరు దాటాక కునుకు పట్టింది. నెల్లూరులో లేచి చూస్తే సంచి లేదు. ఎదుటి బల్ల మీద కూర్చున్న ముసలాయన, మనుబోలులో ఒకతను జబ్బు మనిషిని భుజాన వేసుకొని దిగాడనీ, తోటివాళ్లు అతని మూటలతో పాటు ఆకుపచ్చ సంచి కూడా కిందికి అందించారనీ చెప్పాడు. స్టేషన్లో కాగితం రాసిచ్చి ఇంటికి పోయాను. నెల సెలవుంది, దొరక్కపోతుందా అనుకున్నాను.

మూడో రోజు టెలిగ్రాం వచ్చింది. సెలవు రద్దు, వెంటనే డిపోకి రమ్మని.

అది చదివాక అన్నం ముట్టలేదు. సామాను పోగొట్టుకున్నవాడికి మామూలు రోజుల్లోనే శిక్ష తప్పదు. యుద్ధం రోజుల్లో ఉత్త చేతులతో పోతే, పైకి, సరిహద్దుకు పోవడం ఇష్టం లేక నేనే పారేశానంటారు. ప్రమోషన్ వచ్చి చేతి మీద ఒంటి పట్టీ కుట్టించుకొని రెండు నెలలు కాలేదు. దాన్ని అందరి ముందూ చింపుతారు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి, ఎవరికీ చెప్పుకోలేనిది. మంచు కొండల మీద మనవాళ్లు నూలు బట్టలతో గడ్డకట్టి చస్తున్నారని ఊళ్లో చెప్పుకుంటున్నారు. కోటు లేకుండా నన్ను పంపిస్తే నేను తిరిగి రాను. అమ్మ మోకాళ్ల మీద ప్రార్థన చేసింది. లేచి, ఉన్నది ఉన్నట్టు చెప్పుకోమంది. చెప్పుకొని బతికినవాళ్లను నేను పటాలంలో చూడలేదు.

మర్నాడు పొద్దున్నే మనుబోలు పోయాను. ఒంటి మీద మిగిలిన ఒక్క జత యూనిఫారమే వేసుకున్నాను, భుజం మీద ఇత్తడి అక్షరాలు తోమి మరీ. సంచి తీసుకున్నవాడు చూసి భయపడాలని.

జబ్బు మనిషిని మోసుకొని దిగినతను స్టేషన్లో ఒక కూలీకి తెలుసు. భార్యను మద్రాసు పెద్దాసుపత్రిలో చూపించి, లాభం లేదంటే తీసుకొచ్చేశాడట. పొలాల మధ్య రెండు మైళ్లు నడిస్తే వాళ్ల గుడిసె. అతను నన్ను చూడగానే తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. నేనింకా నోరు తెరవలేదు.

"మా మూటలతో కలిసి దిగింది సార్. చూసుకునేసరికి రైలు కదిలి పోయింది," అన్నాడు. "ఇచ్చేద్దామనే ఉన్నాను. ఈమెకు వణుకు నిలవలేదు. అందుకని కప్పినాను."

సంచి మూలన ఉంది. అన్నీ ఉన్నాయి. కంబళి కింద పరిచారు. కోటు ఆమె మీద ఉంది. పాతికేళ్లుంటాయేమో. మెడ దాకా బొత్తాలు పెట్టి ఉన్నాయి. ముఖం తప్ప ఏమీ కనిపించడం లేదు. అంత బరువు కింద కూడా వణుకు పైకి తెలుస్తూనే ఉంది.

నాకు టెలిగ్రాం వచ్చిందనీ, ఇవి సర్కారు వస్తువులనీ, సాయంత్రం రైలుకు పోకపోతే నన్ను జైల్లో పెడతారనీ చెప్పాను. అబద్ధం ఒక్కటీ లేదు. అతను తల ఊపుతూ నిలబడ్డాడే గానీ ముందుకు రాలేదు. ఆమె కళ్లు తెరిచి నా వైపు చూసింది.

"ఇది బరువుగా ఉండాది అన్నా," అంది. "బరువుంటే వణుకు తెలీదు. ఈ పూటకు ఉండనీ."

ఆ పూట నా దగ్గర లేదు. బొత్తాలు నేనే విప్పాను. కోటు లాగితే రాలేదు. లోపల కోటు చేతి అంచును పిడికిట్లో పట్టుకొని ఉంది. ఒక్కొక్క వేలూ విప్పాను. కాలుతున్నాయి ఆ వేళ్లు. అమ్మ నాకు దారికి ఇచ్చిన దుప్పటి ఆమె మీద కప్పాను. పల్చటి దుప్పటి. అతను సంచి మోసుకొని స్టేషన్ దాకా వస్తానన్నాడు. వద్దన్నాను. అతన్ని పక్కన పెట్టుకొని ఆ రెండు మైళ్లు నడవలేను.

ఇంటికి మళ్లీ పోలేదు. మనుబోలు నుంచే రైలెక్కాను. డిపోలో సామాను చూసినవాడు లేడు. ఎక్కడ చూసినా మనుషులే, అరుపులే. ఆ సాయంత్రం పైకి పోయే జట్టుకు కోట్లు చాల్లేదని, సెలవు నుంచి వచ్చినవాళ్ల కోట్లు తీసుకొని వాళ్లకు ఇచ్చారు. నాది ఎవరు తొడుక్కున్నారో చూడలేదు. నన్ను కొత్తవాళ్లకు కవాతు నేర్పే పనిలో వేశారు. కొద్ది వారాల్లో యుద్ధం ఆగిపోయింది. నేను మంచు కొండ ముఖం చూడలేదు. ఆ జట్టులో ఎందరు వెనక్కి వచ్చారో అడిగే ధైర్యం నాకు రాలేదు.

తర్వాతి సెలవుకు మనుబోలులో రైలు ఆగితే తల దించుకొని కూర్చున్నాను. ఆ పై ఏడాది దిగాను, పంచె చొక్కాతో. అతను చేలో నారు పీకుతున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. మద్రాసు ఆసుపత్రిలో వాళ్ల పక్క మంచం వాళ్ల బంధువునని చెప్పాను. ఆ అబద్ధం ఎలా నోటికి వచ్చిందో తెలియదు. ఆమె ఎట్లుందని అడిగాను.

"వచ్చిన వారంలోనే పోయింది సార్," అన్నాడు. గట్టు మీద కూర్చోమని, కడవలో నీళ్లు ముంచి ఇచ్చాడు. కోటు సంగతి కూడా చెప్పాడు, తనంతట తానే. ఎవరో మిలిటరీ ఆయనదట, నాలుగు రోజులు దాని వల్ల వెచ్చగా పడుకుందట. "వాళ్ల వస్తువు వాళ్లు ఎత్తుకొని పోయినారు. ఆయన మటుకు ఏం చేస్తాడు."

ఎలాగూ పోయే మనిషేనా అని అడగాలని నోటి దాకా వచ్చింది. అవునంటే నమ్మలేను, కాదంటే బతకలేను. నీళ్లు తాగి లేచాను. మళ్లీ నారు కట్టలు కట్టుకుంటూ, నెల్లూరు బండి మధ్యాహ్నం దాకా లేదని, అన్నం తిని పొమ్మని అతను పిలిచాడు. పనుందని చెప్పి ఎండలో నడిచి స్టేషనుకు వచ్చేశాను.