ఏడు నిండిందా, నిండాయా

మూలికల కొట్టు నడిపే ఆవిడను ఆ వీధంతా కషాయం పిన్ని అని పిలిచేది. అత్తగారి నుంచి సంక్రమించిన ఆ కొట్టును, ఆ పేరును ఆమె సమానమైన తృప్తితో స్వీకరించింది. అయితే, నర్సుగా పనిచేసే కూతురు పరిశోధనల సారాంశాన్ని చదివి వినిపించడం మొదలుపెట్టిన తరువాత, ఆమె అమ్మే తీరు కొంత మారింది. పిల్లల దగ్గును తేనె కొంతవరకు నెమ్మదింపజేస్తుందనడానికి ఆధారాలున్నాయని, అల్లానికి అంత గట్టి ఆధారం లేదని, జలుబుతో వచ్చిన దగ్గు చాలావరకు దానంతటదే పోతుందని అడిగినవారికీ అడగనివారికీ చెప్పేది. రక్తపోటు ఉన్నవారికి అతిమధురం ఇచ్చేది కాదు. ఏడాది నిండని పసివాళ్లకు తేనె చుక్కైనా నాకించరాదని, అరుదుగానైనా అది కండరాలను చచ్చుబరిచే జబ్బుకు దారితీయవచ్చని కూతురు మరీ మరీ హెచ్చరించినందున, వయసు అడగకుండా సీసా కదిపేది కాదు.

ఒక సాయంత్రం ఎదురువరుస దర్జీ మెడలో టేపుతోనే వచ్చాడు.

"పిన్నీ, మావాడికి దగ్గు. కాస్త అల్లం తేనె ఇస్తావా?"

"ఏడు నిండిందా వాడికి?"

"ఆఁ, మొన్ననే నిండాయి. చూడకుండానే భలే చెప్పావే."

"నీ పొగడ్తలకేం గానీ, ఒలకకుండా పట్టుకెళ్లు," అంటూ ఆమె సీసా అందించింది.

దర్జీ వీధి దాటాడు. తేనె జాడీకి మూత బిగిస్తున్న పిన్ని చెయ్యి ఆగిపోయింది. ఏడు అంటే సంవత్సరమైతే నిండింది అనాలి. నిండాయి అన్నాడంటే, పెళ్లై రెండేళ్లైనా కాని అతడు లెక్కించినవి ఏడు నెలలు. ఆమె కొట్టును అలాగే వదిలేసి, కాళ్లకు చెప్పులైనా లేకుండా పరుగెత్తింది.

దర్జీ ఇంట్లో అతని భార్య అప్పటికే చెంచాను బిడ్డ పెదవుల దగ్గరికి తెచ్చింది. మాట్లాడేందుకు ఊపిరి చాలక, పిన్ని ఆ చెంచాను లాక్కుని తన నోట్లోనే పెట్టుకుంది.

"నీకే కావాలంటే అడగొచ్చుగా పిన్నీ," అన్నాడు దర్జీ.

"నీ దుంపతెగ, నేనడిగింది సంవత్సరంరా నాయనా. ఏడాది లోపు వాడికి తేనె తగలకూడదు."

"నేనింకా నీకు దివ్యదృష్టి ఉందేమో అనుకున్నా."

"ఉంటే నీ జోలికే రాకపోదును. పాలు తాగుతున్నాడా? ఊపిరికి ఎగపోస్తున్నాడా?"

పిన్ని తానే వారిని వైద్యురాలి వద్దకు వెంటబెట్టుకుని వెళ్లింది. ఛాతీ శుభ్రంగానే ఉందని, తల్లిపాలు తరచుగా పట్టి, ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేస్తే చాలునని వైద్యురాలు చెప్పింది.

తిరుగుదారిలో బిడ్డ పిన్ని భుజం మీద కాసిని పాలు కక్కి, తేలికపడి నిద్రపోయాడు. దర్జీ చేతులు చాచాడు.

"వాణ్ణి లేపకు," అంటూ ఆమె తన కొట్టును దాటుకుని, నెమ్మదిగా అతని గుమ్మం దాకా నడిచింది.