పెనుమర్రులో ఆగని ప్యాసింజరు

రియాద్‌లో నేను పనిచేసే స్టూడియోలో కెమెరా పట్టుకునే ముందు చేతులు కడుక్కుంటాను. అక్కడి గులాబీ రంగు సబ్బుకు అచ్చం ఆస్పత్రి వాసన. అది ముక్కుకు తగలగానే నా పెదవులు వాటంతటవే కదులుతాయి: రేపల్లె, పల్లెకోన, భట్టిప్రోలు... బయట లైట్లన్నీ అమర్చి నిలబడ్డ మా సూడాన్ సహోద్యోగి "ఖలాస్?" అని కేకేస్తాడు, అయిపోయిందా అని. అప్పటికి నేను వేమూరులో ఉంటాను. ఇంకా జంపని, చినరావూరు, తెనాలి మిగిలే ఉంటాయి. మాది కడప జిల్లా ప్రొద్దుటూరు, ఈ ఊళ్ళతో మాకు ఏ చుట్టరికమూ లేదు. ఇవి నాకు సువార్తమ్మ ఆంటీ ఇచ్చిన ఊళ్ళు.

నేను చదువుకునే రోజుల్లో సౌదీలోనే యాన్బు అనే ఊళ్ళో మేము మొదటి అంతస్తులో ఉండేవాళ్ళం, ఆమె మా పైన. మా నాయన రిఫైనరీలో కాంట్రాక్టు టెక్నీషియను. ఆంటీ రేపల్లె నుంచి వచ్చిన నర్సు, అందులోనూ రోగులకు క్రిములు సోకకుండా కాపలా కాసే నర్సు. ఆమె తలుపు తడితే చాలు, మా ఇంటిల్లిపాదీ చేతులు వీపు వెనక్కి దాచుకునేవాళ్ళం. అప్పుడు నేను అక్కడి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ మీడియా డిప్లొమా చదువుతున్నాను. ఆ సంగతి ఆమె చెవిన పడింది. ఒక శుక్రవారం పొద్దున్నే దిగి వచ్చింది.

"ఏమ్మా హసీనా, నువ్వు వీడియోలు తీసే చదువు చదూతున్నావంట గదా. నాకోటి తీసిపెట్టు. మనూళ్ళ నుంచి కొత్త పిల్లలొస్తన్నారు. ఇంగ్లీషు పుస్తకమిస్తే అన్నిటికీ తలూపుతారు, చేతులు మాత్రం కడగరు."

ఆస్పత్రిలో కెమెరా తిప్పనివ్వరు కాబట్టి మా వంటింటి సింకే స్టూడియో అయింది. చేతులు కడగడంలో ఏ మెట్టూ మరిచిపోకుండా ఆమెకో సొంత పద్ధతి ఉంది. రేపల్లె నుంచి తెనాలికి పోయే ప్యాసింజరు రైలు స్టేషన్లు వరసగా చెప్పడం. రేపల్లెలో తడుపుకోవాలి, పల్లెకోనలో సబ్బు, భట్టిప్రోలులో అరచేతులు, వేమూరులో చేతి వెనకవైపు, జంపనిలో వేళ్ళ సందులు, చినరావూరులో బొటనవేళ్ళూ గోళ్ళూ. తెనాలి వచ్చాకే కడిగేసుకుని పంపు కట్టాలి. నేను అంతా తీశాను. ఆ వారమే కాలేజీలో ఎడిటింగు మొదలుపెట్టారు, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు కనిపించిందల్లా కత్తిరించి, హుషారైన సంగీతం పెట్టి, పన్నెండు సెకన్లకు కుదించి చూపించాను. ఆమె రెండుసార్లు చూసింది.

"మధ్యలో స్టేషన్లేవే?"

"బోరు కొడతాదని తీసేశానాంటీ."

"కొట్టనియ్యి. క్రిములకీ బోరు కొట్టాలి, అప్పుడే పోతాయి. ఇది ప్యాసింజరమ్మా, ఎక్స్‌ప్రెస్సు కాదు. స్టేషన్లు ఎగరగొట్టకూడదు."

నాలుగోసారి తీసిన వీడియో, ఒక్క కోతా లేనిది, ఆమెకు నచ్చింది. నర్సుల ఫోన్లలోంచి అది మా బిల్డింగంతా పాకింది. తెలుగు నర్సులు సింకుల దగ్గర ఊళ్ళ పేర్లు గొణుగుతుంటే పక్కనున్న ఫిలిప్పీన్స్ నర్సు అది ప్రార్థన అనుకుని, తెనాలి రాగానే భక్తిగా "ఆమెన్" అనేదట.

ఇంతలో డిప్లొమా చివరికొచ్చింది. జెద్దాలో ఒక యూనివర్సిటీ మా కాలేజీ వాళ్ళను మీడియా ప్రొడక్షన్ డిగ్రీ మూడో సంవత్సరంలోకి నేరుగా తీసుకుంటుందని తెలిసింది. దానికి ఐదు నిమిషాల సినిమా ఒకటి తీసి పంపాలి, ఆ తర్వాత ఇంటర్వ్యూ. నాయన తన మాట ముందే చెప్పేశాడు: "ఏందిమే ఈ చదువు! రెండేండ్లు చదివితివి, ఇంగా రెండేండ్లా? సీటొస్తే సరే. రాలేదా, వీసా మింద ఎగ్జిట్ కొట్టిచ్చి ప్రొద్దుటూరికి పంపిస్తా. మీ అత్త కాడుండి బీకాం చదువుకో." అద్దం ముందు ఎంతసేపు నిలబడాలో కూడా మా అత్తే నిర్ణయిస్తుంది. నాకు నిద్ర పట్టలేదు.

నెల రోజులు సముద్రం ఒడ్డునే తిరిగి సినిమా తీశాను. అలలు, మంచులా నురుగు, ఎగిరే పక్షులు, అన్నీ నెమ్మదిగా, వెనక వయొలిన్లు. ఆంటీకి చూపించాను.

"బాగుందమ్మా. ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదాంటీ."

"మరా సంగీతమేంటి, ఏడుపొస్తంది. ఇందులో మనిషే లేడేంటి? మీ నాన్న డ్యూటీకెళ్ళే ముందు టీ కాచుకుంటాడు గదా, అది తియ్యి. కొయ్యకుండా తియ్యి."

కోపమొచ్చింది కానీ వేరే దారి కనపడలేదు. మర్నాడే గడువు. నాయన టీ ఎవరినీ పెట్టనివ్వడు, డికాషను సంగతి తనకొక్కడికే తెలుసని నమ్మకం. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో కంపెనీ కార్డు తగిలించుకుని వంటింట్లోకి వచ్చాడు. యూనివర్సిటీ వాళ్ళు మార్కులు వేస్తారు కదా, అందుకని ముందుగా చేతులు కడగడం మొదలుపెట్టాడు. ఊళ్ళన్నీ పైకే చెబుతూ. జంపని దగ్గర మరిచిపోయాడు. కెమెరా వైపు దొంగచూపు చూసి, మళ్ళీ రేపల్లె నుంచి బయల్దేరాడు. గిన్నె పొయ్యెక్కేసరికే మూడు నిమిషాలు దాటాయి. పాలు పొంగబోతుండగా ఐదు నిమిషాలూ అయిపోయాయి. ఇంకోసారి తీద్దామంటే "డ్యూటీకి టైమైతాంది మే" అని ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళిపోయాడు. దానికి టీ అనే పేరు పెట్టి ఉన్నది ఉన్నట్టు పంపించేశాను.

ఇంటర్వ్యూలో ఈజిప్టు ప్రొఫెసరమ్మ మొదటి ప్రశ్నే "టీ ఏది?" అని. నేను గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాను: సింకు, క్రిములు, ప్యాసింజరు రైలు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తర్వాత నాయన మళ్ళీ రేపల్లెకు తిరిగొచ్చిన చోటు ఇంకోసారి వేయమంది. ఈసారి నవ్వలేదు.

"ఈయనకెందుకింత భయం?" అని అడిగింది.

నాకు అప్పుడే తెలిసింది. ఎగ్జిట్ కొట్టిస్తానని బెదిరించిన మనిషి, తన చేతుల వల్ల నా సీటు ఎక్కడ పోతుందోనని వణికిపోయాడు. ఆ దొంగచూపును నేను మొదటి వీడియోలో స్టేషన్లలా కత్తిరించి ఉంటే నాకే కనిపించేది కాదు. "నేను తప్పుతానని" అన్నాను. సీటు ఇచ్చారు. ఎడిటింగు పేపరు మాత్రం మళ్ళీ చదవాలన్నారు. నాయన బయట కారు పక్కన నిలబడి "ఒక సబ్జెక్టు పోయిందా?" అని దిగాలుపడ్డాడు. ఆంటీ సంబరపడింది: "మంచిదే. ఎక్కడ కొయ్యకూడదో తెలిసినాకే కత్తి చేతికియ్యాల."

నేను డిగ్రీ పూర్తిచేసిన ఏడు ఆమె ఉద్యోగం మానేసి, ఫైనల్ ఎగ్జిట్ మీద రేపల్లెకు వెళ్ళిపోయింది. కిందటేడు సెలవులకు వెళ్ళినప్పుడు ఆమెను చూద్దామని తెనాలిలో అదే ప్యాసింజరు ఎక్కాను. ప్రతి స్టేషనులోనూ నాకు తెలియకుండానే చేతులు రుద్దుకుంటున్నాను, ఎదురు సీటులో పెద్దాయన చలేస్తోందా అమ్మా అని అడిగాడు. వేమూరు దాటాక రైలు ఒకచోట ఆగింది. బోర్డు మీద పెనుమర్రు అని ఉంది. ఆంటీ చెప్పిన వరసలో ఈ ఊరు లేదు.

రేపల్లెలో ఆమె గుమ్మంలోనే "ముందు చేతులు కడుక్కో" అంది. నేను ఊళ్ళు చెబుతూ భట్టిప్రోలు తర్వాత "పెనుమర్రు" అన్నాను. తువ్వాలు అందిస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఆంటీ, అక్కడ రైలు ఆగింది. నన్నన్ని మాటలని, మీరే ఒక స్టేషను ఎగరగొట్టారు."

"అది మా అత్తగారి ఊరమ్మా" అంది. నవ్వబోయి మానేసింది. "ఆరేళ్ళున్నా అక్కడ. చాలు."

తువ్వాలు అందుకుని చేతులు తుడుచుకున్నాను. ఆమె టీ పెట్టింది, ఇద్దరం తాగాం.

ఇప్పుడు కెమెరాతో పాటు ఎడిటింగూ నా పనే, రోజూ ఎన్నో కోస్తుంటాను. కోసే ముందు ప్రతిసారీ ఇక్కడ ఎవరైనా దిగేవాళ్ళున్నారా అని చూసుకుంటాను. సింకు దగ్గర మాత్రం, పెనుమర్రు ఉందని తెలిసి కూడా, భట్టిప్రోలు నుంచి తిన్నగా వేమూరు పోతాను. ఆమె ఆగని చోట నేనూ ఆగను.