ఆయుధపూజ నాటి గుండు

గజం నాలుగు వేళ్ళ ఎత్తు బయట నిలబడింది. రెండు వేళ్ళే నిలబడాలి. అరవైల మొదట్లో ఒక వేసవి పగలు, పామిడి దగ్గర పెన్న ఇసుకలో, సినిమా కంపెనీ కెమెరా పక్కన నిలబడి తుపాకిలో మందు దట్టిస్తుండగా నాకు భయం వేసింది అప్పుడే.

గజం అంటే గొట్టం మూతి నుంచి మందును అదిమే ఇనుప కడ్డీ. గొట్టం ఖాళీగా ఉంటే అది అడుగుకు తగిలి ఠంగుమని మోగుతుంది, పై కొన మూతితో సమంగా ఉంటుంది. సినిమాకు మందు, దానిమీద కాగితపు ఉండ మాత్రమే వేస్తాం. శబ్దం, పొగ వస్తాయి. గుండు ఉండదు.

మా అత్తవారింట్లో తాతల నాటి తుపాకులు, కత్తులు, డాళ్ళు ఉండేవి. మద్రాసు కంపెనీలు ఈ సీమలో యుద్ధాల సినిమా తీసినప్పుడల్లా వాటిని అద్దెకు ఇచ్చేవాళ్ళం. లైసెన్సు మామగారి పేరున ఉండేది. ఆయనకు చూపు తగ్గాక, కాలేజీ చదువు ఉందని నా పేరు కూడా చేర్పించారు. తుపాకి ఎక్కడికి వెళ్తే లైసెన్సులో పేరున్న మనిషి అక్కడ ఉండాలి. మందును కంపెనీ వాళ్ళ చేతికి ఇవ్వం, మేమే దట్టిస్తాం. ఈ పని ఎలా సాగేదని అడిగేవాళ్ళున్నారు కాబట్టి, మనవలు పడుకున్నాక ఇది రాస్తున్నాను.

ఆ రోజు హీరో ఎదురుగా నిలబడి ఓబులేసు గుండెకు గురిపెట్టి కాల్చాలి. ఓబులేసు ఊళ్ళో కూలిపని చేసుకునేవాడు. సిపాయి తలపాగా కట్టి నిలబెట్టారు. పొద్దుటి నుంచి మందు లేని అదే తుపాకితో రిహార్సల్ చేస్తూ ఇసుకలో పడి లేస్తున్నాడు.

"ఏమక్కా, నన్ను సంపేకి ఇంత యోచన చేస్తాండావు? పొద్దున్నించి సచ్చి సచ్చి నాకే అలవాటయిపోయింది" అన్నాడు.

మేనేజరు తొందరపెట్టాడు. "అమ్మగారూ, ఎండ పోతోంది. ఇచ్చేయండి."

"ఇయ్యను. దీంట్లో ఇంకేదో ఉండాది" అన్నాను.

పేలడానికి నిప్పురవ్వ ఇచ్చే కేపు అప్పటికి పెట్టలేదు. కేపులు నా కొంగుముడిలోనే ఉన్నాయి. గొట్టంలో పోయడానికి నీళ్ళడిగితే యూనిట్ మొత్తానికి తాగడానికి ఉన్నది ఒక్క కుండేనని మేనేజరు గొణిగాడు. చెంబుతో ముంచి పోశాను. గజం కొనకు మెలికల మర బిగించి, దాన్ని గుచ్చి తిప్పి లోపలున్నది బయటికి లాగాను. ముందు నా కాగితపు ఉండ వచ్చింది, తర్వాత తడిసిన మందు. ఆ తర్వాత పసుపు పూసిన గుడ్డపేలిక. తుపాకి బోర్లిస్తే సీసపు గుండు ఇసుకలో పడింది.

ఓబులేసు దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. "ఇది నాకేనా అక్కా?" అని మెల్లగా అడిగాడు.

పసుపు గుడ్డ చూడగానే అది మా ఇంటిదేనని తెలిసింది. ఒట్టి ఆయుధానికి మామగారు కుంకుమ పెట్టరు. ఆయుధపూజ నాడు పసుపు గుడ్డలో చుట్టిన గుండును తుపాకిలో దట్టించి పూజ చేసి, సాయంత్రం మిద్దె ఎక్కి ఆకాశానికి పేల్చేవారు. షూటింగుకు ముందటేడు సరిగ్గా పూజ సాయంత్రమే వాన వచ్చింది. రెండేళ్ళుగా చూడని వాన. ఇంటిల్లిపాదీ గంగాళాలు, బిందెలు పట్టుకుని చూరు కిందికి పరుగెత్తాం. తుపాకి తడుస్తుందని ఎవరో తెచ్చి గోడకు తగిలించారు. సినిమా నుంచి తిరిగివచ్చిన తుపాకిని పరీక్ష చేయడం మాకు అలవాటు. ఇంటి నుంచి బయలుదేరేదాన్ని చూసేవాళ్ళం కాదు. మన గోడ మీద ఉన్నదే కదా అన్న ధీమా.

ఆ గోడ కిందే పిల్లల మంచం. పెద్దవాడు మంచం మీద నిలబడి ఆ తుపాకి మీట నొక్కి "ఢాం" అనేవాడు. ఉత్తదేలే అని వాళ్ళ తాత నవ్వేవారు.

షూటింగు నాటి సాయంత్రం వేరే తుపాకితో షాట్ తీశారు. ఓబులేసు శబ్దం రాకముందే పడ్డాడు. మళ్ళీ తీయాల్సి వచ్చింది.

ఇంటికి వెళ్ళి గుండు మామగారి చేతిలో పెట్టాను. చాలాసేపు తడిమి చూశారు. "వాన వచ్చినాక తుపాకి ఎవురికి గుర్తుంటాది తల్లీ" అన్నారు.

మర్నాడు పొద్దున పిల్లలిద్దరినీ పిలిచి, వాళ్ళ ఎదుటే గోడ మీది ప్రతి తుపాకిలోనూ గజం దించి ఆ మోత వినిపించాను. తర్వాత చెప్పాను: "తుపాకి ఉత్తదే అని ఎవురు చెప్పినా నమ్మొద్దండి. తాత చెప్పినా, నేను చెప్పినా. ఈ మోత మీ చెవులతో మీరు వినేదాకా అది నిండుగా ఉన్నట్టే."